తొమ్మిదో లెవెల్ గౌరవం

నమోదు 1

పట్టిక సహాయకురాలు ప్రతి షిఫ్టు చివర సర్వర్లో ఒక నమోదు రాయాలని నిబంధన. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన ఉద్యోగం పొడవునా "అంతా సవ్యం" అని రాసి రిటైరయ్యాడు. ఇవి ఎవరూ చదవరని ఆయనకు తెలుసు. చేరిన పూటే నాకూ తెలిసింది. అందుకని నేను జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈ రోజు మూడో లెవెల్ కార్యాలయంలో కీబోర్డులన్నీ తలకిందులు చేసి దులిపాను. మరమరాలు పడ్డాయి, వక్కపలుకులు పడ్డాయి, ఒక మాంత్రికుడు తీరిగ్గా కత్తిరించుకున్న గోళ్లు పడ్డాయి. బొగ్గుపొడి మాత్రం చిటికెడు కూడా పడలేదు. బొగ్గుగనిలో కాపురముంటూ చేతికి మసి అంటకుండా బతకడం కూడా ఒక విద్యే.

మాంత్రికుడు అనేది ఇక్కడ హోదా. నేనేమీ వెక్కిరించడం లేదు, తలుపుల మీద పేరు కింద అలాగే రాసుంటుంది. పైన ఎండకు తాళలేక జనం ఈ పాతగనిలోకి దిగిన కాలంలో, లిఫ్టులూ పంపులూ గాలి తలుపులూ అందరూ కలిసి నడుపుకోవడానికి ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కావలసి వచ్చింది. నెట్‌వర్కులన్నీ అప్పటికే చచ్చిపోయాయి. బతికున్నదల్లా హాస్టల్ కుర్రాళ్లు కొందరు రాసుకున్న ఒక ఆట. అందులో బొమ్మలుండవు, అంతా రాతే. "నువ్వొక చీకటి గదిలో ఉన్నావు" అని తెర మీద పడుతుంది. "వెలుతురు" అని కొడితే దీపం వెలిగినట్టు రాస్తుంది. ఆ ఆటను తీసుకొచ్చి తీగలకు కలిపారు. ఆటలో గది గనిలో గది అయింది, ఆటలో దీపం నిజం దీపం అయింది. ఆట నడిపే కుర్రాళ్లను ఆటలో మాంత్రికులనేవారట. ఆ కుర్రాళ్లు పోయారు. వాళ్ల కొడుకులూ మనవలూ ఇంకా మాంత్రికులుగానే ఉన్నారు. పొట్టలు పెంచి, బీపీ మాత్రలు మింగుతూ, సంతకం పక్కన చిన్న నక్షత్రం గీసుకుంటూ.

కార్యాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక సూక్తి వేలాడుతుంది: "పూర్తి పదమే సంస్కారం." దాని సంగతి రేపు రాస్తాను. ఇప్పుడు దివాకర్ సార్ టీ కప్పు కడగాలి. నా పై అధికారి ఆయనే. కడుక్కోవడానికి ఆయనకు చేతులున్నాయి గానీ తీరిక లేదు.

నమోదు 2

సంస్కారం సంగతి.

ఆజ్ఞ మొత్తం కొట్టనక్కర్లేదు. మొదటి అక్షరం కొట్టి ఊరుకున్నా సర్వర్ పనిచేస్తుంది. అది ఆజ్ఞల పట్టికను పై నుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. నువ్విచ్చిన అక్షరంతో మొదలయ్యే ఆజ్ఞల్లో ఏది ముందు కనబడితే దాన్ని చేసేస్తుంది. అంతే. కింద ఇంకేమున్నాయో చూడదు, నీ మనసులో ఏముందో అడగదు. హాస్టల్ కుర్రాళ్లకు తొందరెక్కువ కదా, అలా రాసుకున్నారు. ఆట కుర్రాళ్లే అయినా బుద్ధిగా ఒక పని చేశారు. ప్రాణానికి అవసరమైన ఆజ్ఞలను పట్టికలో పైన పెట్టారు.

మూడో లెవెల్లో మాత్రం పొట్టిమాట కొట్టడం సిగ్గుచేటు. మాంత్రికులు "వెలుతురు" అని ఆసాంతం కొడతారు, కొమ్ములూ దీర్ఘాలూ సరిచూసుకుని, ఒకసారి వెనక్కి వాలి చదువుకుని, అప్పుడు ఎంటర్ నొక్కుతారు. అందాకా చీకట్లోనే కూర్చుంటారు. కాలేజీలో నాకు నేర్పింది కూడా ఇదే. పొట్టిమాటకు మార్కులు కోసేవాళ్లు.

నమోదు 4

సెలవు. తొమ్మిదో లెవెల్‌కు దిగాను, మా అక్క ఓదెమ్మ దగ్గరికి. గనికి అడుగున పంపుగది ఆమెది. ఊరే నీటిని ఆమె తోడి పైకి పంపకపోతే ఎనిమిదో లెవెల్ పిల్లలు ఈత నేర్చుకోవాల్సి వస్తుంది.

"వచ్చినవా మంత్రగత్తె?" అంది నన్ను చూడగానే. "నిమ్మకాయలు తెచ్చినవా, లేకుంటే ఉత్త చేతులతోనేనా?"

"నేను సహాయకురాలినే అక్కా. నాకు మంత్రాలు రావు."

"రాకుంటేంది. చల్లగ కూసుంటున్నవ్ గదా. గదే పెద్ద మంత్రం."

అక్క నాకంటే పదేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని పెంచింది, డబుల్ డ్యూటీలు చేసి కాలేజీకి పంపింది. అందుకని వెక్కిరించే హక్కు తనకే ఉందనుకుంటుంది. ఉంది కూడా.

అడుగు లెవెళ్లలో కీబోర్డులుండవు. ఉప్పునీటికి పాడవుతాయని తాతల కాలంలోనే తీసేశారు. వాటి బదులు గోడకు ఒక పలక, దాని మీద చిన్న తెర, అరచేయంత రబ్బరు మీటలు, మీటకొక అక్షరం. వ నొక్కితే వెలుతురు. న నొక్కితే నీళ్ల పంపు. ప నొక్కితే లిఫ్టు పైకి. గ నొక్కితే గాలి. అంటే పైకప్పులో గాలి తలుపు తెరుచుకుంటుంది. కాసేపు చల్లగా వీస్తుంది, తర్వాత దానంతటదే మూసుకుంటుంది. ఫ్యాను బలం అన్ని లెవెళ్లకూ పంచాలి కదా. అడుగున చెడుగాలి చేరుతుంది కాబట్టి గ మీటను అస్తమానం నొక్కుతూనే ఉండాలి. తొమ్మిదో లెవెల్లో ఏ పలక చూసినా గ అక్షరమే ముందు అరిగిపోయి ఉంటుంది.

అక్క దాన్ని చూడను కూడా చూడదు. నాకు సద్దిరొట్టె విరిచి పెడుతూ, మాట ఆపకుండా, మోచేత్తో ఒక్క పోటు పొడుస్తుంది. తుమ్ము రాబోతే చెయ్యి ముక్కు మీదికి పోయినట్టు పోతుంది ఆ మోచెయ్యి.

నమోదు 7

ప్రధాన మాంత్రికులు నరహరి గారు పీఠమెక్కి పాతికేళ్లవుతోంది. సమావేశం. జీడిపప్పు ఉప్మా.

ఉత్సవానికి గుర్తుగా ఒక కొత్త ఆజ్ఞ పుట్టిస్తారట. పేరు "గౌరవం". గనిలో ఎవరు ఎక్కడి నుంచి ఆ ఆజ్ఞ ఇచ్చినా వాళ్లు నరహరి గారికి నమస్కరించినట్టు నమోదవుతుంది. వాళ్ల తెర మీద ఇలా పడుతుంది: "మీరు ప్రధాన మాంత్రికులు శ్రీ నరహరి గారికి సవినయంగా నమస్కరించారు. వారు సంతోషించారు."

అక్కడితో అయిపోతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. ఆ ఆజ్ఞ పట్టికలో అన్నిటికన్నా పైన ఉండాలన్నారు. ఎందుకంటే పెళ్లి శుభలేఖలో పెద్దల పేర్ల వరుస ఎంత ముఖ్యమో వీళ్లకు పట్టిక వరుస అంత ముఖ్యం. ఎవరు ప్రవేశపెట్టిన ఆజ్ఞ ఎవరి ఆజ్ఞ కంటే పైన ఉందని వీళ్లలో వీళ్లు ఏళ్ల తరబడి మాట్లాడుకోకుండా ఉన్న సందర్భాలున్నాయి. ఇన్నాళ్లూ ప్రాణావసరమైనవాటి జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

నేను లేచి నిలబడ్డాను. సహాయకురాళ్లు ఉప్మా తేవడానికి తప్ప లేవకూడదు.

"సార్, గౌరవం పైనుంటే కింది లెవెళ్లలో గ మీట గాలికి పోదు. గౌరవానికి పోతుంది."

"పూర్తి పదం కొట్టమనండి" అన్నారు నరహరి గారు, గోడ మీది సూక్తి వైపు చూపిస్తూ. "ఈ వంకతోనైనా బద్ధకం వదులుతుంది."

"వాళ్లకు ఒక్కో అక్షరం మీటలే ఉన్నాయి సార్."

"ఒక్కో అక్షరమే నొక్కి నొక్కి మిగతావి మరిచిపోయారు. మా నాన్నగారు అప్పుడే చెప్పారు."

ఈయన మూడో లెవెల్ దాటి కిందికి దిగలేదని అందరికీ తెలుసు. మోకాళ్ల నొప్పులట. లిఫ్టుకు మోకాళ్లతో పనేమిటో నాకు తెలియదు.

"పోనీ, పేరు మారుద్దాం సార్. అభినందన అని పెడదాం. అడుగు పలకల మీద అ మీట లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు."

ఆయన నన్ను జాలిగా చూశారు. "అభినందన తోటివాళ్లకు చెప్పేది, అమ్మాయ్. గౌరవం పైవాళ్లకు ఇచ్చేది. కాలేజీలో ఇది కూడా నేర్పలేదా?"

అందరూ నవ్వారు. దివాకర్ సార్ అందరికన్నా గట్టిగా నవ్వి, బయటికి రాగానే నా పక్కకు వచ్చి, "నువ్వు చెప్పింది కరెక్టే వనజా, చూద్దాం" అన్నాడు. ఆయన "చూద్దాం" అన్న ఏ పనినీ తర్వాత ఎవరూ చూడలేదు.

"ఇంకో కీబోర్డు ఏదైనా కిందికి పంపుదామా సార్?"

"స్టోర్లో మోసుకుపోయే కీబోర్డు ఒకటే ఉంది. అడుగున ఎన్ని గదులున్నాయి? ఎవరికిస్తావ్?"

ఇంత తెలిసీ నవ్వగలిగాడు. అది వేరే రకం ప్రతిభ.

నమోదు 8

గౌరవం పట్టికెక్కింది. బాజాలు వాయించారు. నక్షత్రం గుర్తున్న రహస్య పదంతో తప్ప పట్టికలో వరుస కదలదు. ఆ పదం నరహరి గారికి మాత్రమే తెలుసు. నేను పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

షిఫ్టు దిగాక అక్క పైకొచ్చింది. బూట్లకు బురదుందని కాపలాదారు లోపలికి రానివ్వలేదు. నేనే లిఫ్టు దగ్గరికి వెళ్లాను.

"ఏందే ఇది? గాలి కోసం నొక్కుతుంటే దండం పెట్టిస్తున్నరు?"

"కొత్త ఆజ్ఞ అక్కా."

"వాడు సంతోషించిండట. నేను ఊపిరాడక సస్తుంటే వాడు సంతోషించిండట. నొక్కినప్పుడల్లా సంతోషిస్తడు. ఎంత సంతోషమే వానికి?"

వాళ్ల గ్యాంగు సర్దార్ రాయలింగు వెనకాలే ఉన్నాడు. పెద్దాయన, చేతిలో ఎప్పుడూ నూనె లాంతరు ఉంటుంది. గాలి చెడితే లాంతరు మంట చిన్నబోతుంది, దాన్ని చూసే వాళ్లు జాగ్రత్తపడతారు. "లాంతరు రెండుసార్లు ఆరినంత పనైంది బిడ్డా" అన్నాడు. "ఆఖరికి గాలి తలుపును చేతులతోని ఎత్తి కట్టె దిమ్మె అడ్డం పెట్టినం. మూసుకోకుంట."

ఆ దిమ్మె పెట్టడానికి ఎంత మంది భుజాలెక్కి నిలబడ్డారో అడగలేదు. పెట్టారు, బతికారు. మూడో లెవెల్ వాళ్ల సంస్కారం కన్నా ఆ కట్టెముక్క నయం.

నమోదు 11

నరహరి గారి గదిలో ఫ్యాను మందగించింది. ఆయనకు చెమట పట్టింది. విచారణ జరిగింది. ఇంత చురుగ్గా విచారణ జరగడం నా అనుభవంలో ఇదే మొదలు.

అడుగున గాలి తలుపులు తెరిచి ఉంచడం వల్ల పైకి గాలి తగ్గుతోందని తేలింది. తెరిచి ఎందుకు ఉంచారని మాత్రం ఎవరూ అడగలేదు. కాపలాదారులు దిగి దిమ్మెలన్నీ పీకేశారు. "ప్రభుత్వ గాలి తలుపులకు అడ్డు పెట్టువారు శిక్షార్హులు" అని అచ్చువేసి అతికించారు.

అదే సమావేశంలో కొత్త పత్రం ఒకటి పుట్టింది. దాని పేరు గౌరవ సూచీ. ఏ లెవెల్ నుంచి ఎన్ని నమస్కారాలొచ్చాయో గీతలు గీసి చూపించాలి. ఆ గీతలు గీసేది నేను.

మూడో లెవెల్ గీత వేలిగోరంత ఉంది. అయిదో లెవెల్‌ది చిటికెన వేలంత. కిందికి పోతున్నకొద్దీ గీతలు పొడుగవుతాయి. తొమ్మిదో లెవెల్ గీత కాగితం దాటిపోయింది. ఇంకో కాగితం అతికించాల్సి వచ్చింది.

నరహరి గారు ఆ అతుకును వేలితో తడుముతూ కూర్చున్నారు.

"చూశారా దివాకర్" అన్నారు ఆఖరికి. "చదువులేని జనం. కానీ మనసు చూడండి."

"ప్రజల గుండెల్లో ఉన్నారు సార్" అన్నాడు దివాకర్ సార్.

నేను అప్పుడే చెప్పాను. "సార్, గాలి ఎక్కడ చెడిందో ఆ గీత చూపిస్తోంది. వాళ్లు గాలి అడుగుతున్నారు."

"అమ్మాయ్" అన్నారాయన. "జనం నన్ను గౌరవించడం నీకెందుకు ఇంత కష్టంగా ఉంది?"

దీనికి జవాబు నాకు వచ్చు. ఉద్యోగం పోతే కింద ఏం జరుగుతోందో చూసే తెర కూడా పోతుందని మింగేశాను.

నమోదు 13

అక్క పడిపోయింది.

నీళ్లు ఎక్కువ ఊరుతున్నాయని పంపు వదిలి రాలేదు. ఆమె వదిలితే ఎనిమిదో లెవెల్ మునుగుతుంది. గ మీట కొడుతూనే ఉందని గ్యాంగు వాళ్లన్నారు. మోచేత్తో, తర్వాత పిడికిలితో, తర్వాత కూలబడి తలతో. రాయలింగు లాంతరు ఆరిపోవడం చూసి లోపలికి దూకి, ఆమెను కాళ్లు పట్టుకుని ఎనిమిదో లెవెల్ మెట్ల దాకా ఈడ్చుకొచ్చాడు. అక్కడ గాలి వస్తుంది.

ఆస్పత్రిలో పెదాలు నల్లగా ఉన్నాయి. కళ్లు తెరిచి నన్ను చూసి, "పంపు ఎవలు చూస్తున్నరు?" అని అడిగింది. తర్వాత, "మోకాళ్లకు తోలు లేసిందే. ఆ రాయలింగు మామ బొగ్గు టబ్బును గుంజినట్టు గుంజిండు" అంది. నవ్వబోయి దగ్గింది.

డాక్టరు ఇంకోసారి ఇలా అయితే తన చేతిలో ఉండదన్నాడు. ఒకటి రెండు రోజులైతే గ్యాంగు వాళ్లు వంతులేసుకుని పంపు చూస్తారు, అంతకు మించి పంపుగదికి ఇంకో మనిషి లేడు. అక్క రెండు రోజుల్లో మళ్లీ దిగాలి.

ఆఫీసుకు వచ్చాను. తెర మీద ఆ షిఫ్టు లెక్క ఉంది. పంపుగది, ఓదెమ్మ, నమస్కారం. పంపుగది, ఓదెమ్మ, నమస్కారం. పేజీ నిండా, ఇంకో పేజీ నిండా. చివర్లో ఒక నమస్కారానికీ ఇంకో నమస్కారానికీ మధ్య ఎడం పెరుగుతూ పోయింది. ప్రతి దాని పక్కనా: వారు సంతోషించారు.

నమోదు 14

సమావేశంలో సూచీ చదివాను.

"ఒక్క షిఫ్టులో ఒక్క మనిషి నుంచి ఇన్ని నమస్కారాలా!" నరహరి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎవరా ఓదెమ్మ?"

"మా అక్క సార్."

"అదృష్టవంతురాలివి."

"ఆస్పత్రిలో ఉంది సార్. గాలి లేక పడిపోయింది."

"అయ్యో" అన్నారు, నిజంగానే. ఆయనలో దుర్మార్గం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. లేదు. అది ఉండవలసిన చోట ఏమీ లేదు, అంతే. "ఆ స్థితిలో కూడా నన్ను తలుచుకుంది. ఆమెకు సన్మానం చేయాలి దివాకర్. పైకి పిలిపించండి, శాలువా కప్పుదాం."

ఇన్ని రోజులు నేను ఈయనకు గాలి గురించి చెబుతున్నాను. గాలి గురించి చెబితే ఈ చెవులకు ఎక్కదు. గౌరవం గురించి చెప్పాలి.

"పైన కాదు సార్" అన్నాను. చేతులు కట్టుకున్నాను, తల కొంచెం వంచాను. ఇన్నాళ్లుగా దివాకర్ సార్‌ను చూసి నేర్చుకున్నది అప్పుడు పనికొచ్చింది. "ఆ పంపుగదిలోనే చేస్తే బాగుంటుంది. మీ పాదం అక్కడ పడిందని తరతరాలు చెప్పుకుంటారు."

దివాకర్ సార్ నా వైపు అసూయగా చూశాడు. ఇంత మంచి వాక్యం తనకెందుకు తట్టలేదా అని.

"మోకాళ్లు..." అన్నారు నరహరి గారు.

"లిఫ్టు ఉంది సార్. మైకు పట్టుకోవడానికి, కార్యక్రమం నమోదు చేయడానికి నేను మోసుకుపోయే కీబోర్డు తీసుకుని మీ వెనకే వస్తాను."

నమోదు 15

అక్కకు చెప్పాను. ఆమె మంచం మీద కూర్చుని విన్నది. భయపడుతుందనుకున్నాను.

"ఎంత మందితోని వస్తడు?"

"ఏడెనిమిది మంది."

"ఇంక పదిమందిని ఎక్కువ తెమ్మను. ఎంత మంది ఉంటే గాలి గంత జల్ది అయిపోతది." దుప్పటి పక్కకు తోసింది. "దిమ్మె నేను చీర కుచ్చెళ్ల ఎనక దాస్త. ఎవలన్న పడిపోయేటట్టుంటే నేను, మామ ఎక్కి తలుపు ఎత్తి అడ్డం పెడతం. గా ముసలాయన సచ్చిపోతే మన పాణం తీస్తరు. మనకు కావల్సింది ఆయన సచ్చుడు కాదు."

"మరి?"

"ఆయన నొక్కుడు."

నమోదు 16

సన్మానం.

పంపుగదికి మామిడాకుల బదులు ఆకుపచ్చ రబ్బరు ముక్కలు కట్టారు. నరహరి గారు, దివాకర్ సార్, ఇద్దరు కాపలాదారులు, సూక్తులు రాసే ఆయన, ఫోటోలు తీసే ఆయన, వాళ్ల బావమరుదులు, గ్యాంగు వాళ్లు అందరూ ఆ గదిలో ఇరుక్కున్నారు. వరద తలుపు దానంతటదే మూసుకుంది. అది ఎప్పుడూ మూసుకునే తలుపే, దాని చక్రం తిప్పి తెరవడం గ్యాంగు వాళ్లకే చేతనవును. లిఫ్టు లడ్డూల కోసం పైకి పోయింది.

గోడ పక్కన అక్క, పట్టుచీరలో, కదలకుండా నిలబడింది. కుచ్చెళ్ల వెనక ఏముందో నాకు తెలుసు. రాయలింగు లాంతరు పట్టుకుని ఆమె పక్కన ఉన్నాడు.

నరహరి గారు ప్రసంగం మొదలుపెట్టారు. తన తాతగారితో మొదలుపెట్టారు. తాతగారు ఇంకా హాస్టల్లో ఉండగానే లాంతరు మంట కిందికి దిగింది. తండ్రిగారి కాలానికి వచ్చేసరికి కాపలాదారుల్లో ఒకడు గోడకు ఆనుకున్నాడు.

"ఉక్కగా ఉంది" అన్నారు నరహరి గారు, మైకు పక్కకు జరిపి. "గాలి పెట్టండమ్మా."

అక్క మోచేత్తో గ నొక్కింది. పలక మీది చిన్న తెర వెలిగింది. ఫోటోలు తీసే ఆయన పైకి చదివాడు: "మీరు ప్రధాన మాంత్రికులు శ్రీ నరహరి గారికి సవినయంగా నమస్కరించారు. వారు సంతోషించారు."

చప్పట్లు. ఆయన నవ్వారు, చెయ్యెత్తారు. "ఇప్పుడు కాదమ్మా, తర్వాత. ముందు గాలి పెట్టు."

అక్క మళ్లీ నొక్కింది. ఆయన మళ్లీ సంతోషించారు.

"గాలి అంటున్నాను కదా!"

"గదే కొడుతున్న సార్" అంది అక్క. ఇంకోసారి కొట్టింది. తెర మళ్లీ వెలిగింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

దివాకర్ సార్ కాలరు గుండీ విప్పుకున్నాడు. అందరి ఊపిర్లూ వినబడుతున్నాయి. నరహరి గారు మైకు వదిలేసి పలక దగ్గరికి వచ్చారు, అక్కను పక్కకు తోశారు. మీటల మీద చెయ్యి పెట్టి వెతికారు. గ దొరికింది. తర్వాతేదో వెతికారు, కింద, పక్కన, పలక అంచుల్లో.

"మిగతా అక్షరాలేవి?"

దివాకర్ సార్ వైపు తిరిగారు.

"పూర్తి పదం ఎట్లా కొడతారు? మిగతా అక్షరాలెక్కడ?"

"మాకు గింతే ఇచ్చిండ్రు సార్" అంది అక్క.

ఆయన గ నొక్కారు. గనికి ప్రధాన మాంత్రికులు శ్రీ నరహరి గారు శ్రీ నరహరి గారికి సవినయంగా నమస్కరించారు. వారు సంతోషించారు. ఆయన మళ్లీ నొక్కారు, అరచేత్తో, పిడికిలితో. అక్క పడిపోయే ముందు నొక్కినట్టే.

"కీబోర్డు!" అన్నారు నా వైపు తిరిగి. ముఖం బూడిద రంగులో ఉంది. "నీ దగ్గర కీబోర్డుంది. గాలి అని కొట్టు."

నేను దాని తీగను పలకకు తగిలించాను. వేళ్లు మీటల మీద పెట్టాను.

"ఈ ఒక్కసారికా సార్, ఎప్పటికీనా?"

"ఏమిటి?"

"ఈ ఒక్కసారికైతే నేను కొడతాను. మీరు వెళ్లిపోతారు, కీబోర్డు మీతో వచ్చేస్తుంది, రేపు అక్క ఇక్కడే ఉంటుంది. ఎప్పటికీ అయితే మీ రహస్య పదం చెప్పండి. పట్టిక మారుస్తాను."

దివాకర్ సార్ "వనజా!" అన్నాడు. అనడానికి కూడా ఆయనకు గాలి చాలలేదు. లాంతరు మంట నీలం చుక్కయింది. అక్క చెయ్యి కుచ్చెళ్ల వెనక్కి పోయింది, దిమ్మె మీదికి. కళ్లు నా మీదే ఉన్నాయి. ఇంకొక్క క్షణం ఆగుతానని చెబుతున్నాయి, అంతకు మించి ఆగనని కూడా.

"ఎప్పటికీ" అన్నారు నరహరి గారు.

"పదం సార్."

ఆయన చుట్టూ చూశారు. ఇంత మంది ముందు చెప్పడానికి సిగ్గుపడ్డారు. ఆ పరిస్థితిలో కూడా.

"చెప్పు సార్" అంది అక్క. "నవ్వంలే."

"న" అన్నారాయన.

"న తర్వాత?"

"తర్వాతేమీ లేదు. న అంతే. ప్రతిసారీ అంత పొడుగు పేరు ఎవడు కొడతాడు?"

అక్క మాట తప్పింది. దగ్గుతూ నవ్వింది. రాయలింగు నవ్వాడు. నేను న కొట్టాను. సూక్తి వేలాడదీసిన మనిషి తాళం ఒక్క అక్షరంతో తెరుచుకుంది.

"గౌరవాన్ని ఎంత కిందికి దించను సార్?"

"ఎక్కడికైనా!"

అడుక్కి దించాను. దాని కింద ఇంక ఆజ్ఞలు లేవు. తల తిప్పకుండానే "అక్కా" అన్నాను. మోచెయ్యి మీటకు తగిలిన చప్పుడు వినిపించింది. పైన ఇనుప తలుపు కిర్రుమని, ఒక్కసారిగా చల్లటి గాలి మా అందరి నెత్తి మీద పడింది. లాంతరు మంట లేచి నిలబడింది.

లడ్డూల లిఫ్టు వచ్చింది. ఎవరూ తినలేదు.

నమోదు 22

నరహరి గారు స్వయంగా అడుగు లెవెల్ తనిఖీ చేసి, పట్టికలో ఒక లోపాన్ని కనిపెట్టి, అక్కడికక్కడే సరిచేయించారని ప్రకటన వెలువడింది. ఫోటో కూడా వేశారు. అందులో ఆయన గ మీట మీద చెయ్యి పెట్టి ఉన్నారు. ప్రజాసేవలో నిమగ్నమైనట్టుంది. ఆ ఫోటో ఏ క్షణంలో తీశారో ఆ గదిలో ఉన్నవాళ్లకు తెలుసు. పోనీ. మీట పనిచేస్తోంది.

నన్ను స్టోరుకు మార్చారు. అక్కడ కీబోర్డు ఒక్కటే కాబట్టి దులపడానికి ఎక్కువ సేపు పట్టదు. పాత పనిలో సూచీ గీయడం ఒక్కటి నాతోనే వచ్చింది, ఎవరికీ చేతకాక.

అక్క నిన్న కబురు పంపింది. "మంత్రం నేర్చినవే. ఇగ నిమ్మకాయలు తేకున్నా నడుస్తది."

కింది లెవెళ్ల గౌరవం ఒక్కసారిగా పడిపోవడానికి కారణాలు పరిశీలించడానికి సంఘం వేశారు. దివాకర్ సార్ అధ్యక్షుడు. జనంలో విలువలు తగ్గుతున్నాయని ప్రాథమిక అంచనాకు వచ్చారట.

ఈ వారం గౌరవ సూచీ. తొమ్మిదో లెవెల్: లేదు. ఎనిమిది: లేదు. ఏడు, ఆరు, అయిదు, నాలుగు: లేదు. మూడో లెవెల్: ఒకటి. ప్రధాన మాంత్రికుల గది నుంచి, పూర్తి పదం, కొమ్ములూ సున్నాలూ ఎక్కడా తప్పు లేకుండా.

వారు సంతోషించారు.